ముంపును ఒప్పుకోని లోయ రిసార్టుకు ఎందుకు ఒప్పుకుంది?

స్విట్జర్లాండ్‌లో విదేశీయులు సెలవు ఇళ్లు కొనడం మీద వాదన రేగినప్పుడల్లా ఆండర్‌మాట్ పేరు వస్తుంది. ఆల్ప్స్‌లోని ఉర్సెర్న్ లోయలో, 1,400 మీటర్లకు పైన ఉన్న ఊరు. జనాభా సుమారు 1,500. ఆల్ప్స్‌ను దాటే పాత దారి గోథార్డ్ కనుమ దగ్గరిది. విదేశీయులూ ఇళ్లు కొనుక్కోగలిగే పెద్ద రిసార్టుకు ఈ ఊరు ఒప్పుకుంది. ‘డబ్బుకు ఊరిని అమ్ముకున్నారు’ అనేవాళ్లు 1946ను మర్చిపోతున్నారు.

అప్పట్లో కరెంటు కోసం ఈ లోయకు అడ్డంగా 200 మీటర్ల పైచిలుకు డ్యామ్ కట్టాలనుకున్నారు. కడితే ఆండర్‌మాట్, హోస్పెంటాల్, రియాల్ప్ మూడూ ముంపే. ఊరివాళ్లు ససేమిరా అన్నారు. ఫిబ్రవరి 19 రాత్రి ప్రాజెక్టు ఇంజినీరు ఊళ్లో ఉన్నాడని తెలిసి, జనం పోగై కొట్టి తరిమేశారు. కొట్టడం తప్పే. కానీ ఇల్లూ పొలమూ నీళ్లపాలవుతాయన్న టెన్షన్‌లో ఉన్నవాళ్ల కోపం అది. ఆ తర్వాత కొన్నేళ్లకు ప్రాజెక్టును వదిలేశారు. బదులుగా పక్కనే గోషెనెరాల్ప్‌లో డ్యామ్ కట్టారు. అక్కడి చిన్న పల్లె మునిగిపోయింది. ఆ కుటుంబాల మాట ఈ చర్చలో ఎవరూ ఎత్తరు.

ఆ రోజు అంత గట్టిగా కాదనగలిగారంటే చేతిలో బతుకుదెరువు ఉంది. 1882లో రైలు సొరంగం ఊరి కిందుగా పోయి, గుర్రబ్బండ్ల మీద వచ్చే ప్రయాణికులు తగ్గిపోయాక, పశుపోషణ కాక ఊరికి తిండి పెట్టింది సైన్యమే. గోథార్డ్ కోటలు, బ్యారక్‌లు, వాటి చుట్టూ ఉద్యోగాలు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక సైన్యం తగ్గుతూ వచ్చింది. నా లెక్కలో అసలు మలుపు ఇదే. పని లేక కుర్రాళ్లు ఊరు వదులుతున్న ఆ రోజుల్లో, 2005లో ఈజిప్టు వ్యాపారి సమీహ్ సావిరిస్ ఈ రిసార్టు ఆలోచనతో వచ్చారు. విదేశీయుల కొనుగోళ్లను కట్టడి చేసే లెక్స్ కోలర్ చట్టం నుంచి ప్రభుత్వం ఆ ప్రాజెక్టుకు మినహాయింపు ఇచ్చింది. 2007లో ఊరి ఓటర్లలో 90 శాతానికి పైగా సరేనన్నారు. 2013లో పెద్ద హోటల్ తెరుచుకుంది.

అద్దెలు పెరిగాయని, ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసుండే ఇళ్లు వచ్చాయని విమర్శకులు అంటున్నారు. ఆ బాధ నిజమే.

సైన్యం కసరత్తు చేసిన నేల మీద ఇప్పుడు గోల్ఫ్ కోర్సు ఉంది. లోయలోని పచ్చిక బీళ్లు మాత్రం చాలావరకు ఇంకా ఊరివాళ్ల ఉమ్మడి సంస్థ కోర్పొరాత్సియోన్ ఉర్సెర్న్ చేతిలోనే ఉన్నాయి.