ఇండియానా లెఫ్టినెంట్ గవర్నర్ ఎన్నిక, 1886: అపోహలు - వాస్తవాలు

అమెరికా రాష్ట్రాల రాజకీయ చరిత్ర నేను చెప్పే పాఠం. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2022లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచినప్పటి నుంచి మనవాళ్లు ఈ పదవి గురించి నన్ను తెగ అడుగుతున్నారు. నాకు బాగా తెలిసిన ఒక పాత ఎన్నికతో జవాబు చెప్తాను.

అపోహ: మన పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్ లాంటి పదవే.

కాదు. యానాం వాళ్లకి తెలిసిన లెఫ్టినెంట్ గవర్నర్‌ని రాష్ట్రపతి నియమిస్తారు. తమిళిసై గారు తెలంగాణ గవర్నర్‌గా ఉంటూనే పుదుచ్చేరి కూడా చూసుకున్నారు కదా, అది నియామకం కాబట్టే కుదిరింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఈ పదవికి జనం ఓటేస్తారు. అప్పటి ఇండియానాలో రాష్ట్ర సెనేట్‌కి అధ్యక్షత వహించేదీ, గవర్నర్ కుర్చీ ఖాళీ అయితే అందులోకి వచ్చేదీ ఈయనే. మేరీల్యాండ్‌లో మాత్రం సెనేట్ అధ్యక్షత ఈ పదవికి లేదు, ఏ రాష్ట్రం పద్ధతి దానిదే.

అపోహ: పేరుకే పదవి, ఎవరున్నా ఒకటే.

ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే 1886లో ఇండియానా రాజకీయమంతా ఈ ఒక్క కుర్చీ చుట్టూనే తిరిగింది. గవర్నర్ ఐజాక్ గ్రే డెమొక్రాట్. 1880లో గవర్నర్ విలియమ్స్ చనిపోతే, అప్పుడు లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న గ్రేనే ఆ స్థానంలోకి వచ్చారు, అంటే ఈ పదవి విలువ ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. 1884 ఎన్నికల్లో మళ్లీ గవర్నర్ అయ్యాక ఆయన కన్ను వాషింగ్టన్ సెనేట్ సీటు మీద పడింది. అప్పట్లో ఆ సీటుకి ఓటేసేది జనం కాదు, రాష్ట్ర శాసనసభ. గ్రే ఒకప్పుడు రిపబ్లికన్ కావడంతో సొంత పార్టీలోనే చాలామంది ఆయన్ని నమ్మలేదు. ఈలోగా లెఫ్టినెంట్ గవర్నర్ మాన్సన్ కేంద్ర ఉద్యోగం కోసం రాజీనామా చేశారు. మరి గ్రే వాషింగ్టన్ వెళ్తే రాష్ట్రం ఎవరి చేతికి?

మధ్యలో ఖాళీ అయిన ఈ పదవికి ఎన్నిక పెట్టొచ్చా అన్నది రాజ్యాంగంలో స్పష్టంగా లేదు. పెట్టొచ్చని అటార్నీ జనరల్ సలహా ఇచ్చారు. రెండు పార్టీలూ అభ్యర్థుల్ని నిలబెట్టాయి. ఫోర్ట్ వేన్‌కి చెందిన రిపబ్లికన్ రాబర్ట్ రాబర్ట్‌సన్ గెలిచారు.

అపోహ: గెలిస్తే పదవి వచ్చినట్టే.

రాష్ట్ర సెనేట్‌లో మెజారిటీ ఉన్న డెమొక్రాట్లు అసలు ఆ ఎన్నికే చెల్లదన్నారు. తాము అభ్యర్థిని పెట్టి ఓడిపోయిన ఎన్నికని! అది ఎన్నిసార్లు చదివినా నాకు మింగుడుపడదు. తాము ఎన్నుకున్న ఆలొంజో గ్రీన్ స్మిత్‌నే అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. శాసనసభలో రెండో సభైన ప్రతినిధుల సభ రిపబ్లికన్ల చేతిలో ఉంది, వాళ్లు రాబర్ట్‌సన్‌కే కట్టుబడ్డారు.

కోర్టు తేలుస్తుందిలే అనుకుంటాం కదా. గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ ఎన్నికల వివాదాలు శాసనసభే తేల్చాలని ఇండియానా రాజ్యాంగంలో ఉంది, అందుకే రాష్ట్ర సుప్రీంకోర్టు ఇది మా పరిధి కాదంది. కొట్టుకుంటున్న ఆ సభకే మళ్లీ పంపినట్టయింది.

1887 ఫిబ్రవరి 24న రాబర్ట్‌సన్ అధ్యక్ష స్థానంలో కూర్చోవడానికి సెనేట్‌కి వెళ్లారు. బలవంతంగా బయటికి గెంటేశారు. సభ్యులు కలబడ్డారు, గొడవ సభ దాటి భవనమంతా పాకింది, తుపాకీ పేలింది, చివరికి పోలీసులు వచ్చి ఆపాల్సి వచ్చింది. అది ఇండియానా శాసనసభ చీకటి రోజుగా మిగిలిపోయింది. ఇక్కడో మాట. అంతర్యుద్ధంలో ఒక రెజిమెంట్ వెనక్కి పరుగెడుతుంటే దాని జెండా లాక్కుని, గుర్రం మీద శత్రువుకి ఎదురెళ్లి ఆ సైనికుల్ని వెనక్కి తిప్పిన మనిషి ఈ రాబర్ట్‌సన్, అందుకే ఆయనకి అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. ఆయన్నే సభలోంచి ఈడ్చేశారు.

ఆ తరవాత సెనేట్‌తో మాకు ఏ వ్యవహారమూ లేదని ప్రతినిధుల సభ తెగేసి చెప్పింది. ఆ సమావేశాలు అలాగే ముగిశాయి.

అపోహ: ఈ కొట్లాట వల్లే 17వ రాజ్యాంగ సవరణ వచ్చింది.

సెనేటర్లని జనమే ఎన్నుకోవాలన్న ఆ సవరణ 1913లో వచ్చింది. ఇండియానా దానికి ఒక కారణం, అంతే. డెలావేర్‌లో శాసనసభ తేల్చుకోలేక 1901 నుంచి 1903 దాకా ఒక్క సెనేటర్ కూడా లేరు. ఇండియానాలో సీటైతే నిండింది, కానీ గ్రేకి దక్కలేదు. డేవిడ్ టర్పీకి వెళ్లింది. అప్పటిదాకా ఆ సీట్లో ఉండి ఓడిపోయిన బెంజమిన్ హారిసన్ 1888లో అమెరికా అధ్యక్షుడిగా గెలిచారు.