కోవిడ్ నాటి యూరప్ అంతా ఒకే మాట మీద నడిచిందా? అపోహలు - వాస్తవాలు

అంటువ్యాధుల లెక్కలు చూడటమే నా ఉద్యోగం. కోవిడ్ కాలంలో యూరప్ ఏం చేసిందన్న మాట వచ్చినప్పుడల్లా మనవాళ్ల నోట వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: లాక్‌డౌన్లు, స్కూళ్ల మూత అన్నీ బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ యూనియన్ ఆదేశాలే.

వాస్తవం: యూరోపియన్ యూనియన్ పనితీరు ఒప్పందం 168వ అధికరణం ప్రకారం ఆరోగ్య విధానం ఏ దేశానిది ఆ దేశానిదే. స్టాక్‌హోమ్ దగ్గరున్న ఈసీడీసీ (యూరప్ అంటువ్యాధుల నివారణ కేంద్రం) ముప్పు ఎంతో అంచనా వేసి సలహా ఇస్తుంది. ఆజ్ఞాపించలేదు. అదే అంచనా అందుకున్న ఇటలీ బడులన్నీ మూసేసింది, స్వీడన్ చిన్నపిల్లల బడులు తెరిచే ఉంచింది.

అపోహ: దేశాల మరణాల సంఖ్యలు పక్కపక్కన పెడితే ఎవరు బాగా చేశారో తేలిపోతుంది.

వాస్తవం: అస్సలు తేలదు. వృద్ధాశ్రమాల్లో పరీక్ష జరగకపోయినా, కోవిడ్ అని డాక్టర్లు అనుమానించిన మరణాలను కూడా బెల్జియం లెక్కలో కలిపింది. చాలా దేశాలు పాజిటివ్ వచ్చినవాళ్లనే లెక్కించాయి. నిజాయితీగా లెక్క చెప్పిన దేశానికే చెడ్డపేరు రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే మేం కారణంతో పని లేకుండా ఆ వారం మొత్తం ఎంతమంది పోయారు, మామూలు ఏడాదుల్లో అదే వారం ఎంతమంది పోయేవారు అని చూస్తాం. కోపెన్‌హాగెన్ నుంచి నడిచే యూరోమోమో అనే మరణాల గణన వ్యవస్థ చేసేది ఇదే పని. అందులోనూ ఒక చిక్కుంది: మరణాల నమోదు ఆలస్యమవుతుంది కాబట్టి చివరి రెండు మూడు వారాల గీత ఎప్పుడూ కిందికి దిగినట్టే కనిపిస్తుంది. దాన్ని సవరించకుండా చూసి ‘తగ్గిపోతోంది’ అనేస్తే ప్రమాదం.

అపోహ: ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు, కలిసి చేసిందేమీ లేదు.

వాస్తవం: 2020 మార్చి మొదట్లో ఈ విమర్శ నిజమే. ఇటలీ ఆసుపత్రులు నిండిపోతుంటే జర్మనీ మాస్కుల ఎగుమతి ఆపేసింది, ఫ్రాన్స్ నిల్వలను స్వాధీనం చేసుకుంది. టీకాల దగ్గరికొచ్చేసరికి మాత్రం 27 దేశాల తరఫున యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషనే బేరమాడింది. జనాభాను బట్టి వాటాలు వేశారు. మాల్టా లాంటి చిన్న దేశం విడిగా వెళ్లి ఉంటే వరసలో ఎక్కడుండేదో ఊహించుకోవచ్చు.

అపోహ: కోవిషీల్డ్ పనిచేయదని యూరప్ తోసిపుచ్చింది.

వాస్తవం: కోవిషీల్డ్ ఆస్ట్రాజెనెకా టీకాయే. ఆ టీకాకు ఆమ్‌స్టర్‌డామ్‌లోని మందుల నియంత్రణ సంస్థ యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ సిఫారసు మీద యూరోపియన్ కమిషన్ 2021 జనవరి 29నే అనుమతి ఇచ్చింది. కానీ ఏ ప్లాంటులో తయారైందన్నది కూడా ఆ అనుమతిలో భాగం. కోవిషీల్డ్ తయారుచేసిన పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ అందులో లేదు. 2021 జూలై 1న మొదలై 2023 జూన్ 30 దాకా నడిచిన డిజిటల్ సర్టిఫికెట్ (ప్రయాణాలకు టీకా రుజువు) నిబంధనల్లో, ఆ అనుమతి ఉన్న టీకాలను దేశాలన్నీ ఒప్పుకోవాల్సి ఉండేది. డబ్ల్యూహెచ్‌ఓ అత్యవసర జాబితాలో ఉన్నవాటిని ఒప్పుకోవడం ఏ దేశానికి ఆ దేశం ఇష్టంగా ఉండేది. జర్మనీ, స్పెయిన్ వంటివి కోవిషీల్డ్‌కు సరే అన్నాయి. హైదరాబాద్ కోవాగ్జిన్‌కు 2021 నవంబరు 3 దాకా ఆ జాబితాలో చోటు దొరకలేదు. జర్మనీ ప్రయాణాలకు దాన్ని ఒప్పుకున్నది 2022 జూన్ 1 నుంచి.