లైసెన్సు మీద ప్రమాదం ఎప్పుడు ఎక్కాలి?

మన దేశంలో డ్రైవింగ్ లైసెన్సు మీదకు ఎక్కేది ప్రమాదం కాదు, కోర్టు వేసిన శిక్ష. 1939 నాటి మోటారు వాహనాల చట్టం నుంచీ ఇదే పద్ధతి. 1988 చట్టం కూడా దీన్ని కొనసాగించింది. 24వ సెక్షన్ ప్రకారం కోర్టు నేర నిర్ధారణనో అనర్హతనో లైసెన్సుపై ఎండార్స్ చేస్తుంది, అంటే దాని మీదే రాయిస్తుంది. ఆ తర్వాత మూడేళ్లు కొత్త మచ్చ పడకపోతే, 25వ సెక్షన్ కింద ఎండార్స్‌మెంట్ లేని లైసెన్సు తీసుకోవచ్చు. తప్పు చేసినవాడికి మళ్లీ నిలబడే దారి చూపిన నిబంధన అది. నాకు అది న్యాయంగానే తోస్తుంది.

చిక్కంతా జాప్యంలో ఉంది. ప్రాణం పోయిన కేసు తీర్పు దాకా వెళ్లడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా లైసెన్సు మీద ఏమీ ఉండదు. 21వ సెక్షన్ కొంత అడ్డుకట్ట. ప్రమాదకరంగా నడిపినందుకు ఇదివరకే శిక్ష పడిన డ్రైవరుపై మరణం లేదా తీవ్ర గాయం కేసు మళ్లీ నమోదైతే, లైసెన్సు ఆరు నెలలు సస్పెండవుతుంది. ఈలోగా నిర్దోషిగా బయటపడితే సస్పెన్షన్ కూడా తొలగిపోతుంది.

తెలంగాణ 2017 ఆగస్టులో ట్రాఫిక్ ఉల్లంఘనలకు పెనాల్టీ పాయింట్లు తెచ్చింది: 24 నెలల్లో 12 చేరితే ఏడాది సస్పెన్షన్. 2019 సవరణ జాతీయ లైసెన్సుల రిజిస్టరుకు చోటిచ్చింది. 2021లో మొదలైన ఐరాడ్ అనే రోడ్డు ప్రమాదాల డేటాబేస్‌లో పోలీసులు ప్రమాద స్థలం నుంచే వాహనం, డ్రైవరు వివరాలను మొబైల్ యాప్‌లో ఎక్కిస్తున్నారు. ఆ రిజిస్టరునూ ఐరాడ్‌నూ కలిపితే, తీర్పుతో పనిలేకుండా ప్రతి ప్రమాదమూ డ్రైవరు పేరు మీదకు చేరగలదు.

నా భయం అక్కడే. హైవే మీద బైకు అడ్డంగా దూసుకొచ్చినా, చాలాసార్లు ఎఫ్‌ఐఆర్‌లో చేరేది లారీ డ్రైవరు పేరే. ప్రాణం తీసిన ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ల దాకా జైలు అన్న, భారతీయ న్యాయ సంహితలోని కొత్త సెక్షనుపై 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మెకు దిగినప్పుడు హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. ఆగితే జనం కొడతారు, తప్పెవరిదైనా నింద మాకే అన్నది వాళ్ల గోడు. ఆ సెక్షన్ను అమలు చేయకుండా ఆపారు.

అమెరికా లారీ డ్రైవర్లదీ ఇదే గోడు. ఉద్యోగమిచ్చే కంపెనీలకు అక్కడి ప్రభుత్వం 2010 నుంచి చూపిస్తున్న రికార్డులో అయిదేళ్ల ప్రమాదాలు తప్పెవరిదన్నది చూడకుండా ఉండేవి. ఆగి ఉన్న లారీని మరో వాహనం వచ్చి గుద్దినా లెక్కే. 2017లో ప్రయోగంగా, 2020 నుంచి స్థిరంగా, కొన్ని రకాల ప్రమాదాలను సమీక్షించి డ్రైవరు నివారించలేనివాటికి ఆ మాటే రికార్డులో రాస్తున్నారు.

మన రిజిస్టరులో తప్పు తేలిన ప్రమాదం, దాని తీవ్రత, తేదీ తప్పకుండా ఉండాలి. ఎఫ్‌ఐఆర్ దశలోని కేసు రవాణా శాఖకు, కోర్టుకు కనబడితే చాలు, యజమానికి అక్కర్లేదు. నిర్దోషి అని తీర్పు వస్తే ఆ నమోదును డ్రైవరు చేత అర్జీ పెట్టించకుండా శాఖే తొలగించాలి.