యార్క్‌టౌన్‌లో ఓడలెక్కడ? అమెరికా విప్లవంపై అపోహలు - వాస్తవాలు

పోటీ పరీక్షల పిల్లలకి చరిత్ర చెబుతాను. అమెరికా విప్లవం పాఠం రాగానే ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే మాట: "ఫ్రాన్స్ సైన్యాన్ని పంపింది, అమెరికా వాళ్లు బ్రిటన్ మీద గెలిచారు. అంతేగా సార్?"

అపోహ: మిత్రదేశం సాయమంటే సైనికులు.

వాస్తవం: మార్కులు పోయేది ఇక్కడే. బ్రిటన్ బలమంతా సముద్రం మీద. రేవులో ఓడలుంటే చాలు, దాని సైన్యం ఎక్కడ చిక్కినా జారుకుంటుంది. 1776లో బోస్టన్ నుంచి అలాగే వెళ్లిపోయింది. 1781లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ వర్జీనియా తీరంలోని యార్క్‌టౌన్‌లో మకాం వేసిందీ ఆ ధీమాతోనే. బోర్డు మీద ఆ ఊరి పక్కనున్న చెసపీక్ అఖాతం గీసి, దాని మూతికి డస్టర్ అడ్డం పెడతాను. అదే ఫ్రెంచి అడ్మిరల్ ద గ్రాస్ నౌకాదళం. సెప్టెంబరు 5న 24 ఫ్రెంచి యుద్ధనౌకలు, 19 బ్రిటిష్ నౌకలు తలపడ్డాయి. ఎవరూ ఘనంగా గెలవలేదు, కానీ బ్రిటిష్ వాళ్లు న్యూయార్క్ దారి పట్టారు. ఇక కార్న్‌వాలిస్‌కి నీటిదారి లేదు. నేల మీద అమెరికా సేనాని వాషింగ్టన్, ఫ్రెంచి సేనాని రోషాంబో సేనలు చుట్టుముట్టాయి. అక్టోబరు 19న 7,000 మందికి పైగా లొంగిపోయారు.

డిగ్రీలో నేనూ అమెరికా తరఫున పోరాడిన ఫ్రెంచి సేనాని లఫయెట్ వీరత్వం గురించి రెండు పేజీలు నింపాను. మా మాస్టారు కింద ఎర్ర సిరాతో ఒకే ముక్క రాశారు: "ఓడలేవీ?"

అపోహ: ఫ్రాన్స్ స్వేచ్ఛ మీద ప్రేమతో వచ్చింది.

ఫ్రాన్స్ రాజు పదహారో లూయీకా, స్వేచ్ఛ మీద ప్రేమ! 1763లో కెనడా బ్రిటన్ చేతికి పోయిన కసి అది. 1776 నుంచే చాటుగా తుపాకీమందు పంపినా, అమెరికాతో మైత్రీ సంధి మీద సంతకం పెట్టింది మాత్రం 1777లో సారటోగాలో అమెరికా వాళ్లు బ్రిటిష్ సేనపై గెలిచాకే, 1778 ఫిబ్రవరి 6న.

స్పెయిన్ కూడా అమెరికా మిత్రదేశమే అని వాట్సాప్‌లో తిరిగే నోట్సు తప్పు. అది ఫ్రాన్స్‌తో మాత్రమే చేయి కలిపింది.

తేదీలు గుర్తుండట్లేదని రాత్రి పదింటికి ఫోన్ చేసి ఏడ్చిన అమ్మాయి ఉంది. ఆ మూడేళ్లూ పట్టుకో తల్లీ, 1777, 1778, 1781. మిగతావి వాటంతట అవే వస్తాయి.

కార్న్‌వాలిస్‌ని మరీ జాలిగా చూడకండి. ఆ ఓడిన దొరే గవర్నర్ జనరల్‌గా ఇక్కడికొచ్చి, 1788లో నిజాం దగ్గర్నుంచి మా గుంటూరు సర్కారుని కంపెనీకి రాయించుకున్నాడు.