పొర దొరకాలి

ఎండాకాలంలో తిరుపతి రోడ్ల పక్కన ముంజలు అమ్మేవాళ్ల దగ్గర కాసేపు నిలబడండి. ముంజ మీది పొట్టు తీయాలి, లోపలి నీళ్లు కారకూడదు. కొత్తవాడి చొక్కా తడవక తప్పదు. ముక్కు ఆపరేషన్ నేర్చుకునే పీజీ డాక్టరుకు ఎదురయ్యే మొదటి గండం కూడా అలాంటిదే.

రెండు ముక్కు రంధ్రాల నడిమి గోడలో ముందు భాగం మృదులాస్థి, వెనక భాగం ఎముక. ఆ గోడ వంకరపోయి గాలి ఆడకపోతే చేసే ఆపరేషన్ సెప్టోప్లాస్టీ. గోడను అంటిపెట్టుకున్న పొరను చిరగకుండా లేపడంలోనే సగం విద్య ఉంది. పరికరం సరిగ్గా మృదులాస్థి మీదికి దిగితే నీలి ఛాయ కలిసిన తెలుపు కనిపిస్తుంది, మొనకు గరుగ్గా తగులుతుంది, రక్తం పెద్దగా రాదు, పొర తేలిగ్గా లేస్తుంది. వెంట్రుకవాసి పైన ఆగిందా, రక్తం ఊరి చూపు మూసుకుపోతుంది. రెండు పక్కలా ఒకేచోట చిరిగితే గోడకు శాశ్వతంగా చిల్లు పడవచ్చు. ఆ ‘గరుగ్గా తగలడం’ ఏ పుస్తకమూ చెప్పలేదు. వేళ్లకే తెలియాలి.

వంకర గోడలో ఎంత తీయాలన్నది ఇంకో సంగతి. పైనా ముందూ సుమారు సెంటీమీటరు వెడల్పున మృదులాస్థిని వదలాలి. ఆశపడి అదీ తీస్తే ముక్కు జీనులా కుంగుతుంది.

పాతకాలంలో డాక్టరు నుదుటి మీది అద్దంతో వెలుగు పంపి ముక్కులోకి చూసేవాడు. చూసేది ఒక్కడే. శిష్యుడు లోపల ఏం చేస్తున్నాడో గురువు ఊహించుకోవాల్సిందే. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో మెసెర్‌క్లింగర్ లాంటి ముక్కు డాక్టర్లు దారి చూపిన ఎండోస్కోపు, దాని వెనక చేరిన కెమెరా ఆ చిక్కు తీర్చాయి. నాలుగు మిల్లీమీటర్ల గొట్టం చూపేదంతా తెర మీద ఇద్దరికీ కనిపిస్తుంది. రోగికంటే ముందు బాగుపడింది బోధన అని నా అనుమానం!

అయితే తెర మీద లోతు తెలియదు. ఎడమచేతిలో స్కోపు, కుడిచేతిలో పరికరం, చూపు మాత్రం మూడోచోట. అందుకే ముందు ఓపీలో స్కోపు పెట్టి చూడటం అలవాటు చేస్తారు. సాధనకు గొర్రె, మేక తలకాయలు వాడే శిక్షణ పద్ధతీ ఉంది; మనకు తలకాయ అంటే కూరే గుర్తొస్తుందనుకోండి. సుశ్రుతుడైతే కోత నేర్పడానికి సొరకాయలు, దోసకాయలు ఇచ్చాడు.

సైనస్ ఆపరేషన్‌లో భయం ఇంకో మెట్టు ఎక్కువ. అక్కడ కంటికీ ముక్కుకూ మధ్య ఉన్న ఎముక కాగితమంత పలచన. ఆ గోడ ఎక్కడుందో ముందే సీటీ స్కాన్‌లో చూసుకోవాలి. అనుమానం వస్తే, బట్ట కప్పకుండా వదిలిన రోగి కనుగుడ్డును మూసిన రెప్ప మీంచి వేలితో మెల్లగా నొక్కి తెర చూస్తారు. ముక్కులో ఏదైనా కదిలిందంటే, అక్కడ గోడ లేనట్టే.