గుడ్డు కొనలో పుంజు ఉండదు

వాన ముఖం చాటేసిన ఏడు అనంతపురం జిల్లాలో వేరుశనగ చేను పెట్టుబడిని కూడా తిరిగివ్వదు. అలాంటి ఏట కూడా ఇంటి ఆడవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయంటే చాలాసార్లు అది పెరటి కోళ్ల పుణ్యమే. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల్లో కోడిని పొదిగేసేటప్పుడు గుడ్లను ఏరి ఏరి పెట్టడం ఊరికే కాదు. పెట్ట అయితే గుడ్లు పెడుతుంది, పిల్లల్ని లేపుతుంది. పుంజు అయితే సంతలో మంచి ధర పలుకుతుంది, లేదా దేవరకు అక్కరకొస్తుంది. ఏవి ఎన్ని వస్తాయో ముందే తెలుసుకోవాలన్న కోరికతో జనం ఎన్నో గుర్తులు పట్టారు. వాటిని మూఢనమ్మకాలని తోసిపారేయడం నాకు ఇష్టం లేదు. ఒక్కొక్కదాన్నీ పరీక్షకు నిలబెట్టవచ్చు. నిలబెడితే చాలావరకు కూలిపోతాయి, ఒకటి మాత్రం నిజానికి చాలా దగ్గరగా వచ్చి ఆగింది.

అన్నిటికంటే పాతది గుడ్డు ఆకారం. కొన కోసుగా ఉంటే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట అంటారు. దీన్నే తిరగేసి చెప్పేవాళ్లూ ఉన్నారు. ఈ తగాదా ఇవాళ్టిది కాదు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ కోసు గుడ్డులో పెట్ట ఉంటుందని రాశాడు. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా అదే గుడ్డులో పుంజు ఉంటుందన్నాడు.

కోడి కడుపులో జరిగే పని తెలిస్తే ఇద్దరి మాటా ఎందుకు నిలవదో అర్థమవుతుంది. మనుషుల్లో బిడ్డ ఆడో మగో తండ్రి నుంచి వచ్చే క్రోమోజోము తేలుస్తుంది. కోళ్లలో ఆ పని తల్లిది. ఆడో మగో తేల్చే క్రోమోజోముల జతలో పుంజుకు రెండూ జెడ్ అనే రకమే, పెట్టకు ఒకటి జెడ్, ఒకటి డబ్ల్యు. అండాశయం నుంచి పచ్చసొన విడుదలయ్యేలోపే ఈ రెండింటిలో ఏది అండంలో మిగలాలో తేలిపోతుంది. ఆ తర్వాతే అది అండవాహికలోకి జారుతుంది. అక్కడ సుమారు మూడు గంటలు తెల్లసొన చుట్టుకుంటుంది, మరో గంటకు పైగా పొరలు కడతాయి, చివరికి దాదాపు ఇరవై గంటలు పెంకు పోసుకుంటుంది. గుడ్డు రూపం ఆ పొరలదీ, తల్లి అండవాహిక కండరాలదీ. అప్పటికి పిల్ల అనదగినది పచ్చసొన మీద ఒక చిన్న తెల్లని చుక్క మాత్రమే, గుడ్డు రూపంలో దాని ప్రమేయం ఏమీ ఉండదు. ఇంకో మాట. ఒక్కో పెట్ట పెట్టే గుడ్లన్నీ దాదాపు ఒకే తీరులో ఉంటాయి, గుడ్డు చూసి అది ఏ కోడిదో చెప్పగల ఇల్లాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆకారం గుర్తు నిజమైతే కోసు గుడ్లు పెట్టే కోడికి జీవితమంతా పుంజులే పుట్టాలి. అలాంటి కోడి ఎక్కడా లేదు.

రెండోది, దారానికి సూదో ఉంగరమో కట్టి గుడ్డు మీద వేలాడదీయడం. గుండ్రంగా తిరిగితే ఒకటి, అటూ ఇటూ ఊగితే ఇంకొకటి. పట్టుకున్నవాళ్లు మోసం చేయడం లేదు, సూది నిజంగానే కదులుతుంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ ఇలాంటి లోలకాన్నే పట్టుకుని పరీక్షించి 1833లో ఫలితం ప్రకటించాడు. కళ్లకు గంతలు కట్టుకుని పట్టుకుంటే ఊగడం ఆగిపోయింది. చూస్తున్న కంటికి, మనసులోని ఊహకు తగ్గట్టు వేళ్లు తెలియకుండానే కదులుతాయి.

పిల్లను కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి, తల పైకెత్తితే ఫలానా అని చెప్పే పద్ధతీ ఉంది. తల ఎత్తడం పిల్ల బలాన్ని, చలిని, బెదురును బట్టి ఉంటుంది. పసిపిల్లకు అది ఉత్త హింస. మానేయడమే మంచిది.

మరి ఇన్ని తరాలుగా ఇవి ఎలా బతికాయి? ఇక్కడే నాకు ఆసక్తి ఎక్కువ. పది గుడ్లకు కళ్లు మూసుకుని పుంజో పెట్టో చెబితే మొత్తం 1,024 రకాల ఫలితాలకు వీలుంది. వాటిలో 56 ఫలితాల్లో ఎనిమిది లేదా అంతకంటే ఎక్కువ గుడ్లు సరిపోతాయి. అంటే సుమారు పద్దెనిమిది ఇళ్లలో ఒక ఇంటికి ఏమీ తెలియకుండానే పదికి ఎనిమిది కుదురుతాయి. ఆ ఇంటి పేరు ఊరంతా పాకుతుంది, పదిలో ఐదు తప్పినవాళ్ల మాట ఎవరూ ఎత్తరు. ఎనిమిది తప్పినవాళ్లు గుర్తును తిరగేస్తే వాళ్లకూ ఒక కొత్త నియమం దొరికినట్టే. అరిస్టాటిల్, కొలుమెల్లా చెరో పక్కన నిలబడటంలో నాకు వింత ఏమీ కనిపించదు.

ఇక రెక్క సంగతి. ఒక్క రోజు వయసు పిల్ల రెక్కను మెల్లగా విప్పి వెలుతురుకు పెట్టి చూడండి. అంచున రెండు వరుసల ఈక మొలకలు ఉంటాయి, కింది వరుస పెద్ద ఈకలది, పైది వాటిని కప్పే చిన్న ఈకలది. కింది మొలకలు స్పష్టంగా పొడవుగా ఉంటే పెట్ట, రెండూ సమానంగా ఉన్నా పైవే పొడవుగా ఉన్నా పుంజు. పెద్ద హేచరీలు ఇప్పటికీ ఈ పద్ధతిని నమ్ముకుని పిల్లల్ని వేరు చేస్తాయి. ఈకలు నిదానంగా రావడానికి కారణమైన జన్యువు జెడ్ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లికి ఉన్న ఒకే ఒక్క జెడ్ కొడుకులకు పోతుంది, కూతుళ్లకు జెడ్ తండ్రి నుంచే రావాలి. నిదానంగా ఈకలొచ్చే జాతి పెట్టను, త్వరగా ఈకలొచ్చే జాతి పుంజుతో దాటిస్తే కొడుకులంతా తల్లిలా, కూతుళ్లంతా తండ్రిలా వస్తారు. అయితే జతను ఇలా ఎంచి కలిపినప్పుడే ఈ గుర్తు పనిచేస్తుంది. మన పెరట్లో ఏ పుంజు ఏ పెట్టను కలిసిందో ఎవరికి తెలుసు? నాటుకోళ్లలో రెండు రకాల జన్యువులూ కలగలిసి ఉండటం వల్ల రెక్క ఒకసారి నిజం చెబుతుంది, ఇంకోసారి తప్పిస్తుంది. పైగా రోజులు గడిచేకొద్దీ తేడా చెరిగిపోతుంది.

ఏ జాతికైనా చెల్లే పద్ధతిని 1920లలో జపాన్‌లో కియోషి మసుయి, ఆయన సహచరులు కనిపెట్టారు. పుట్టిన పిల్ల రెట్ట ద్వారాన్ని విప్పి లోపలి చిన్న బుడిపెను చూస్తారు. 1927లో ఒటావాలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో ఈ సంగతి బయటి దేశాలకు తెలిసింది. చేయి తిరిగినవాళ్లు గంటకు ఎనిమిది వందలకు పైగా పిల్లల్ని, వందకు రెండు మూడు తప్పులు కూడా లేకుండా వేరు చేస్తారు. నేర్వనివాళ్లు ప్రయత్నిస్తే పిల్ల పేగులకు దెబ్బ తగులుతుంది, ఇంట్లో చేయవద్దు. గుడ్ల కోసం పెంచే జాతుల్లో ఇలా తేలిన మగపిల్లలకు హేచరీలో విలువ లేదు. వేసవిలో రంగులు పూసి వీధుల్లో అమ్మే పిల్లలు చాలావరకు అవే. పుట్టగానే వాటిని చంపడాన్ని జర్మనీ 2022 మొదటి రోజు నుంచి నిషేధించింది.

ఇంటి పెద్దావిడ నెలన్నర వయసులో తురాయి ఎర్రబడటం చూసి పుంజు అంటే ఆ మాటను నేను నమ్ముతాను. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త పడుచు పుంజుల వృషణాలు తీసేస్తే తురాయి ఎదగలేదు, కూత రాలేదు. తిరిగి కడుపులో పెడితే రెండూ వచ్చాయి. తురాయి ఎరుపు వెనుక ఉన్నది హార్మోను.

గుర్తును మీరే పరీక్షించాలంటే గుడ్లకు పెన్సిలుతో అంకెలు వేసి, మీ అంచనా ముందే ఒక కాగితం మీద రాసి దాచండి. పిల్ల పెంకు పగలగొట్టగానే కాలికి ఆ అంకెకు తగ్గ రంగు దారం వదులుగా కట్టి, వారానికోసారి మార్చండి, లేకపోతే ఎదిగే కాలిని కోసేస్తుంది. మూడు నెలలకు నడుము మీద ఈకలు కోసుగా, మెరుస్తూ జారితే పుంజు, గుండ్రని కొనలుంటే పెట్ట. చచ్చినవాటిని వదిలేసి, యాభై పిల్లల లెక్క వచ్చేదాకా ఆగండి. పాతిక అటూ ఇటుగా సరిపోతే ఆ గుర్తు పనికిరాదు. ముప్పై ఐదు దాటడం ఉత్త అదృష్టం వల్ల మూడు వందల్లో ఒకసారి కూడా జరగదు. అలా వస్తే ఆ కాగితాన్ని ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు తీసుకెళ్లి చూపించాలి.