నలుగురి పాటలో 160 మంది

చిరంజీవులు చిన్నికీ బాబీకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బాబీ అడిగాడు: "తాతయ్యా, బీటిల్స్ అంటే నలుగురేగా, ఆ పాటలో ఊరంతా వాయిస్తున్నట్టుందేం?" మంచి ప్రశ్నేరా. బీటిల్స్ అంటే ఇంగ్లండులోని నలుగురు కుర్రాళ్ల పాటల బృందం, ఆ పాట 'ఎ డే ఇన్ ద లైఫ్'. లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో 1967 జనవరి 19న మొదలుపెట్టారు. అప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది నాలుగు ట్రాకుల టేపు మిషను.

ట్రాకంటే ఏమిటంటారా? బామ్మ నాలుగు గిన్నెల క్యారియర్ చూశారుగా. అన్నం, పప్పు, కూర, పెరుగు, దేని గిన్నె దానిదే. టేపు మీదా అంతే. ఒక గిన్నెలో గిటారు, ఇంకోదాన్లో గొంతు. గిన్నెలన్నీ నిండిపోయాయి, సర్దాల్సినవి ఇంకా ఉన్నాయి, అప్పుడేం చేస్తారు? అన్నంలో పప్పు కలిపేసి ఒక గిన్నె ఖాళీ చేసుకుంటారు. కానీ కలిపిన పప్పన్నంలోంచి పప్పును మళ్లీ విడదీయలేరు. ఉప్పెక్కువైతే ఎక్కువైనట్టే. అందుకే కలిపే ముందే రుచి చూసుకోవాలి, చెవితో. వెనక్కి నొక్కే మీట లేని పనిలో శ్రద్ధ దానంతటదే వస్తుందర్రా.

మా చిన్నప్పుడైతే ఆ గిన్నెలూ లేవు. రామాలయంలో భజన రికార్డు చేస్తే ఒక్కటే మైకు. హార్మోనియం పక్కనే ఉండి పాటను మింగేసింది. మళ్లీ చేసినప్పుడు ఆ పెద్దాయన్ని ధ్వజస్తంభం దాకా జరిపారు. ఆయన మొహం మాడ్చుకున్నాడు. తాళాలు వాయించే నన్నయితే ఏకంగా బావి దగ్గర నిలబెట్టారు!

సరే, మన పాటకొద్దాం. మధ్యలో 24 బార్లు (బారంటే మన తాళంలో ఒక ఆవృత్తం లాంటిది) ఖాళీగా వదిలేశారు. వాళ్ల సహాయకుడు మాల్ ఎవాన్స్ బార్లు పైకి లెక్కపెట్టి, చివర అలారం గడియారం మోగించాడు. తర్వాతి చరణం నిద్ర లేవడం గురించే కాబట్టి ఆ గంటను అలాగే ఉంచేశారు. ఫిబ్రవరి 10న 40 మంది వాద్యకారులొచ్చారు. కింది స్వరం నుంచి పైకి ఎవరి దారిన వాళ్లు ఎక్కండి, పక్కవాణ్ణి అనుసరించకండి అన్నాడు నిర్మాత జార్జ్ మార్టిన్. పద్ధతిగా వాయించేవాళ్లకు అదెంత కష్టమో! దాన్నే ఇంకో మిషను మీద నాలుగుసార్లు పట్టారు. 160 మంది అయ్యారా? రెండు క్యారియర్లు, ఒకే విస్తరి. రెండు మిషన్లనూ కలిపి నడపడానికి ఇంజనీరు కెన్ టౌన్సెండ్ ఉపాయం కనిపెట్టాడు.

చివరి మోత ఫిబ్రవరి 22న పట్టారు. పియానోలన్నీ ఒక్కసారి నొక్కి, చేతులు తీయకుండా ఆగారు. మోత సన్నగిల్లేకొద్దీ రికార్డింగ్ ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ శబ్దం పెంచే మీటలు పైకి తోస్తూ పోయాడు. 40 సెకన్లకు పైనే సాగుతుంది. అంత పెంచేసరికి గదిలో కుర్చీ కిర్రుమన్నదీ దొరికిపోయింది. ఆ మోతకు ఒళ్లెందుకు జలదరిస్తుందో మాత్రం నాకు చెప్పడం చేతకాదు.

మీరే వినండి. ఫ్యాన్ ఆపేసి, పాత స్టీరియో రికార్డింగే పెట్టుకోండి. అందులో ఆ నలుగురిలో ఒకడైన జాన్ లెనన్ గొంతు ఒక చెవిలో మొదలై, పాట సాగేకొద్దీ రెండో వైపుకి నడిచిపోతుంది. కాబట్టి ఇయర్‌ఫోన్లు చెరొకటి పంచుకోకండి, గొంతు నా వైపు రాలేదంటూ కొట్టుకుంటారు. ముందు చిన్ని, తర్వాత బాబీ.

మీ తాతయ్య